భౌతికశాస్త్ర విభాగాల పాత కాగితాలలో బోధనకు చెందినవి కూడా దాచాలా?

మల్లేశ్వరం పాఠకుడు:
మన బెంగళూరు విద్యాసంస్థల్లో పాత పత్రాలను భద్రపరచడం గురించి ఇక్కడ అడుగుతున్నాను. చోటు, సిబ్బంది, డబ్బు ఎక్కడైనా పరిమితమే కనుక, పరిశోధన పత్రాలు, సిద్ధాంత గ్రంథాలు, ఆచార్యుల ఉత్తరాలు దాచి, ప్రశ్నపత్రాలను, విద్యార్థుల ప్రాక్టికల్ రికార్డులను, పరికరాల స్టాక్ రిజిస్టర్లను వదిలేయడమే సబబని నా అభిప్రాయం. ఏటా అదే లోలకం, అదే పట్టకం, అవే పట్టికలు. చరిత్ర రాసేవారికి వాటిలో ఏం దొరుకుతుంది?

జయనగర్ అధ్యాపకురాలు:
మీతో ఏకీభవించలేకపోతున్నాను. భౌతికశాస్త్రవేత్త అన్నా మణి గారి సంగతే చూడండి. 1940 నుంచి 1945 వరకు ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో, సి.వి. రామన్ ప్రయోగశాలలో, ఆమె వజ్రాల, కెంపుల కాంతి ధర్మాలను పరిశీలించారు. ఒక్కో వర్ణపటం ఫోటోగ్రాఫిక్ ప్లేటు మీదికి ఎక్కడానికి పదిహేను, ఇరవై గంటలు పట్టేది. 1942-45 మధ్య ఆమె ఒక్కరి పేరుతోనే ఐదు పత్రాలు వెలువడ్డాయి. 1945లో సిద్ధాంత గ్రంథం సమర్పిస్తే, ఎమ్మెస్సీ పట్టా లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇవ్వలేదు. ఆ ప్రతి ఈనాటికీ రామన్ పరిశోధన సంస్థ గ్రంథాలయంలో ఉంది. ఆ ఐదు పత్రాలను ఎంత శ్రద్ధగా చదివినా ఈ అన్యాయం కనబడదు. అది తెలియాలంటే పరీక్షల నిబంధనలు, ప్రవేశ పత్రాలు, పాలక మండలుల తీర్మానాలు కావాలి. మీరు వదిలేద్దామంటున్న బోధన కాగితాలూ ఈ కోవకు చెందినవే.

మరొకటి. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, 1957 నుంచి 1962 వరకు భారతీయ విజ్ఞాన సంస్థకే డైరెక్టరుగా ఉన్న భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం గారు, టి. వెంకటరాయుడు గారితో కలిసి భౌతికశాస్త్రంలో గ్రూపు సిద్ధాంతం (సౌష్ఠవాన్ని పరిశీలించే గణిత విభాగం) ఉపయోగాల మీద రాసిన పుస్తకాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో ప్రచురించింది. ఆ విషయం మన ఎమ్మెస్సీ తరగతుల్లోకి ఏ ఏడాది వచ్చింది, ఎంత లోతుగా వచ్చింది అన్నది ప్రశ్నపత్రాలు చూస్తేనే తేలుతుంది. అలాగే రామన్ ఫలితం, అంటే పదార్థంలో చెదిరిన కాంతిలో కొంత తరంగదైర్ఘ్యం మారడం, 1928లో కనుగొన్నదే అయినా, ఒక మామూలు కళాశాల విద్యార్థి వర్ణపటంలో దాన్ని చూపే గీతలను తన కళ్ళతో చూసే అవకాశం ఎప్పుడు వచ్చిందో స్టాక్ రిజిస్టరు, ప్రాక్టికల్ రికార్డు పక్కపక్కన పెట్టుకుంటే గాని తెలియదు. పరిశోధన చరిత్ర కొద్దిమందిది, బోధన చరిత్ర వేలమందిది. రెండోదాన్ని చెదలకు వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది.

రాజాజీనగర్ గ్రంథపాలకుడు:
సిలబస్సులు, ప్రశ్నపత్రాలు అన్నీ దాచవచ్చు, ఎన్నేళ్ళవైనా కొన్ని బీరువాలకు మించవు. ప్రాక్టికల్ రికార్డులు అలా కాదు, గదులు నిండిపోతాయి కనుక కొన్నిటినే ఎంచుకోవాలి. మార్కుల రిజిస్టర్లు, పరీక్షకుల నివేదికలు బతికున్నవారికి సంబంధించినవి, కాబట్టి దాచినా కొంతకాలం ఎవరికీ చూపకూడదు. స్కాన్ చేశాం కదా అని అసలు ప్రతిని పారేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఆమ్లగుణం గల చౌక కాగితం ఎలాగూ పెళుసుబారుతుంది గాని, పెన్సిలుతో రాసి చెరిపేసిన రీడింగు అసలు పుటలోనే ఆనవాలు పడుతుంది. వర్ణపటం ప్లేట్లనైతే మళ్ళీ కొలవాల్సిన అవసరం ఎప్పుడైనా రావచ్చు.

మల్లేశ్వరం పాఠకుడు:
ప్రశ్నపత్రాల విషయంలో మీ ఇద్దరి వాదన బలంగానే ఉంది. ప్రాక్టికల్ రికార్డుల దగ్గర నా సందేహం తీరలేదు. ఎంచుకునేది విభాగంవారే అయితే, బంగారు పతకం వచ్చినవారి అందమైన పుస్తకాలే మిగులుతాయి. అటువంటి సేకరణ తప్పుడు చిత్రం ఇస్తుంది, దానికన్నా అసలు లేకపోవడమే నయం.

జయనగర్ అధ్యాపకురాలు:
అందుకే పుస్తకం తెరవకముందే ఎంపిక జరగాలి. ప్రతి తరగతిలో ఫలానా క్రమసంఖ్యలవి అని ముందుగా రాసిపెట్టుకుని, ఉత్తీర్ణులైనా కాకపోయినా ఆ పుస్తకాలనే దాచాలి. ఆ క్రమసంఖ్యలను విభాగం కాక గ్రంథాలయం నిర్ణయించాలి.