డ్రైవరు ట్యాంకు ఫుల్ చేయించకుండా రోజూ ఐదొందలకే ఎందుకు కొట్టిస్తాడు?

అంబాజీపేట కొబ్బరి:

అందరికీ నమస్కారమండి. మాది కొబ్బరికాయల వ్యాపారం. సంక్రాంతి ముందు సెకండ్ హ్యాండులో డీజిల్ టాటా ఏస్ ఒకటి తీసుకుని డ్రైవర్ని పెట్టాం. కుర్రాడు మంచోడే. టైముకొస్తాడు, లోడు జాగ్రత్తగా దింపుతాడు. ఒక్క విషయమే నాకు మింగుడు పడట్లేదు. ట్యాంకు ముప్పై లీటర్లు పడుతుంది కదా, ఒకేసారి ఫుల్ చేయించెయ్యి అంటే చెయ్యడు. పొద్దున్న ఐదొందలు, మధ్యాహ్నం మూడొందలు, రావులపాలెం వెళ్తే అక్కడో రెండొందలు. ప్రతిసారీ ఫోను, "డీజిల్‌కి డబ్బులు కొట్టండయ్యా" అని. ఎందుకురా అంటే "ట్యాంకు తేలిగ్గా ఉంటే మైలేజీ వస్తుందండి" అంటాడు.

మా సెంటర్లో ఆటోలవాళ్ళూ అంతే, వందకీ నూటయాభైకీ మించి కొట్టించరు. ఇందులో నిజంగా లాభం ఏమైనా ఉందా, లేకపోతే నాకు తెలియని తిరకాసు ఉందా? ఊరికే మనిషిని అనుమానించడం ఇష్టం లేక ఇక్కడ అడుగుతున్నాను.

షేర్ ఆటో, రావులపాలెం:

ఆయ్, మా ఆటోల సంగతి నేను చెప్తానండి. లాభం కోసం కాదండి, జేబులో లేక. పది లీటర్లు కొట్టిస్తే వెయ్యి రూపాయలవుద్ది. పొద్దున్నే వెయ్యి చేతిలో ఉంటే డీజిలెందుకు కొట్టిస్తానండి, ఫైనాన్స్ కిస్తీ కట్టేస్తాను. నిన్నటి అడుగూ బొడుగూ డీజిల్‌తో మొదటి ట్రిప్పు తోలతాం. ఆ ట్రిప్పులో వచ్చిందే బంకులో ఇస్తాం. అక్కడినుంచి అలాగే నడుస్తాది.

ఇంకోటండి. సగం మందివి సొంత బళ్ళు కావు, రోజు కిరాయివి. సాయంత్రం బండి ఓనరుకి అప్పజెప్పేసరికి ట్యాంకులో మిగిలిందంతా రేపు తోలేవాడి సొత్తు. అందుకని ఇంటికొచ్చేసరికి ముల్లు కింద ఆనేలాగా లెక్కేసుకుని కొట్టిస్తాం. కొత్తవాళ్ళకి ఈ లెక్క కుదరక దారిలో నెట్టుకుంటా వస్తారనుకోండి, అది వేరే కథ.

అంబాజీపేట కొబ్బరి:

అది అర్థమైందండి. కానీ ఇక్కడ డబ్బు నాది, అతని జేబులోది కాదు కదా. నేనే ఫుల్ చేయించమంటుంటే వద్దంటాడేంటి?

పాత స్టీరింగ్:

కొబ్బరి గారూ, నేను లారీ మీద జీవితం వెళ్ళదీసినవాణ్ణి. మీ కుర్రాడు ఫుల్ ట్యాంకుతో రాత్రి బండి ఎక్కడ పెడతాడో ముందు చెప్పండి. వాళ్ళింటి దగ్గర కాలవగట్టు మీదేనా? అయితే సగం జవాబు అక్కడే ఉంది. ముప్పై లీటర్లున్న బండి గట్టు మీద పెట్టి పడుకుంటే, తెల్లారేసరికి పైపేసి పది లీటర్లు లాగేస్తే ఎవరి మీదకొస్తుంది? మీరు అతన్నే అడుగుతారు. ట్యాంకులో రెండు లీటర్లే ఉంటే దొంగకీ ఆశ ఉండదు, డ్రైవరుకీ మాట రాదు. లారీల్లో మేం కూడా హాల్టింగ్ ఎక్కడో చూసుకునే డీజిల్ కొట్టించేవాళ్ళం. మూతకి తాళం ఉన్నా సరే.

ఇక రెండో సగం. చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టవుతుంది. రోజుకి మూడు బిల్లులొస్తుంటే మీ బండి లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తోందో మీరు ఎప్పటికీ తేల్చుకోలేరు. ఐదొందలు కొట్టించానని నాలుగొందలకి కొట్టించినా, వేరేవాళ్ళు వదిలేసిన బిల్లు ఏరుకొచ్చి మీకిచ్చినా, చిల్లర బిల్లుల కుప్పలో కలిసిపోతుంది. మీవాడు అలా చేస్తున్నాడని నేననను. చెయ్యాలనుకున్నవాడికి మాత్రం ఇంతకంటే వీలు ఉండదు. తప్పు అతనిదో కాదో పక్కన పెట్టి, ముందు లెక్క తేలే దారి పెట్టుకోండి.

అలవాటు కూడా ఉందిలెండి. 2017 జూన్‌లో రోజూ పొద్దున్న ఆరింటికి రేటు మార్చే పద్ధతి రాకముందు, నెలకి రెండుసార్లు, ఒకటో తారీఖూ పదహారో తారీఖూ మారేది. తగ్గుతుందని వినపడితే ముందు రోజు గొంతు తడిసేంత కొట్టించి ఊరుకునేవాళ్ళం. పెరుగుతుందంటే బంకు ముందు లైను. ఇప్పుడు రేటు నెలల తరబడి ఒకచోటే ఉంటోంది, ఆ లెక్కతో పనిలేదు.

స్కూటీ టీచర్, అమలాపురం:

నాకూ ఇక్కడే రెండు సందేహాలు తీర్చండి. ఎండాకాలంలో ట్యాంకు నిండా కొట్టిస్తే పేలుతుందని ప్రతి రోహిణి కార్తెకీ మా స్టాఫ్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతుంది. ఆ భయానికి మావారు సగమే కొట్టిస్తారు. నేనేమో నూటపదికో రెండొందల పదికో కొట్టిస్తాను, సరి అంకెకి కొట్టిస్తే మిషన్లో తక్కువ పడుతుందని. వీటిలో నిజమెంత?

బంకు క్యాషియర్, పాలకొల్లు:

మేడమ్, పేలుడు మాట వట్టిది. ఇండియన్ ఆయిల్ వాళ్ళే అది వదంతి అని ప్రకటన ఇచ్చారు, కంపెనీ చెప్పిన గరిష్ఠ మట్టం వరకు ఏ కాలంలోనైనా నింపుకోవచ్చని. పెట్రోలు దానంతటది అంటుకోవాలంటే వేడి 200 డిగ్రీలు దాటాలి, మన ఎండ ఎంత కాసినా అందులో పావు వంతే. కాకపోతే గన్ను టక్కున ఆగాక కూడా "ఇంకొంచెం, ఇంకొంచెం" అని మూతి దాకా పోయించుకోకండి. వేడికి పెట్రోలు వ్యాకోచిస్తుంది, దానికి కాస్త జాగా ఉండాలి.

నూటపది సంగతి. మిషను కొలిచేది లీటర్లని, రూపాయల్ని కాదు. లోపల మీటరు సరిగ్గా ఉంటే వందకైనా నూటపదికైనా ఒకటే. మీటరు దగ్గరే మోసం ఉంటే నూటపది కూడా మిమ్మల్ని కాపాడదు. 2017లో లక్నోలో పోలీసులు దాడులు చేసి మిషన్లలో చిప్పులు పట్టుకున్నారు కదా, అలాంటిచోట మీరు ఏ అంకె చెప్పినా కోత పడుతుంది.

మీ చేతిలో ఉన్నవి చెప్తాను. ఎవరైనా సరే, "ఐదు లీటర్ల కొలత పాత్రలో పోసి చూపించండి" అని అడగొచ్చు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న పాత్ర ప్రతి బంకులో ఉండాలి. ఐదు లీటర్లకి 25 మిల్లీలీటర్లు అటూఇటూ వరకే మినహాయింపు. కల్తీ అనుమానం ఉంటే ఫిల్టర్ పేపర్ అడగండి, డబ్బులేం తీసుకోరు. నాలుగు పెట్రోలు చుక్కలు వేస్తే రెండు నిమిషాల్లో మచ్చ లేకుండా ఆరిపోవాలి. సిగ్గుపడకుండా అడగండి, మేం విసుక్కున్నా సరే.

అసలు జరిగే మోసం వేరే. ఐదొందలకి అని చెప్తారు. కుర్రాడు రెండొందలకే ఆపేసి "అయ్యో, రెండొందలనుకున్నానండి" అంటాడు. సున్నా చెయ్యకుండానే మళ్ళీ మొదలుపెట్టి మూడొందల దగ్గర ఆపుతాడు. రెండూ మూడూ ఐదు అనుకుని మీరు ఐదొందలిచ్చి వెళ్ళిపోతారు. పడింది మూడొందలదే. ఆపినప్పుడల్లా సున్నా చూసుకోవడం ఒక్కటే మందు. రోజుకి మూడుసార్లు కొట్టించేవాడికి ఈ గండం కూడా మూడుసార్లు.

మన డెల్టాలో చిన్న మొత్తాలకి నేను ఒప్పుకునే కారణం ఒకటుంది. వానాకాలం. మనవి పల్లపు ఊళ్ళు, తవ్వితే నాలుగడుగుల్లో నీరు. భూమిలో ఉన్న ట్యాంకులోకి మూత దగ్గరో పైపు దగ్గరో నీరు దిగే ప్రమాదం ఇక్కడ ఎక్కువ. మేం డిప్ కర్రకి పేస్టు రాసి దింపి చూస్తాం, నీరుంటే రంగు మారుతుంది. ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం కలుస్తోంది. నీరు తగిలితే అది పెట్రోలుని వదిలేసి నీళ్ళతో కలిసి అడుక్కి దిగుతుంది. తుఫానుకి మునిగిన రోడ్డు మీద, తెలియని బంకులో, అవసరమైనంతే కొట్టించుకుంటే నేను తప్పు పట్టను.

తెల్లారగట్ల కొట్టిస్తే ఎక్కువొస్తుందనే మాట కూడా వదిలెయ్యండి. భూమిలో ట్యాంకుకి పొద్దునకీ మధ్యాహ్నానికీ వేడిలో పెద్ద తేడా రాదు.

గౌతమి గట్టు:

యానాం మాట ఎవరూ ఎత్తలేదేంటండి? మా ఎదుర్లంక వైపు తక్కువ కొట్టించడానికి పెద్ద కారణం అదే. యానాం పుదుచ్చేరి కిందకొస్తుంది, వాళ్ళ వ్యాట్ తక్కువ. మనకి డీజిల్ మీద 22.25 శాతం, ఆపైన లీటరుకి నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. పెట్రోలుకైతే శాతం 31. అందుకే వంతెన దాటితే పెట్రోలు లీటరుకి పది రూపాయల పైనే తేడా వస్తుంది. మావాళ్ళు ఇటువైపు బంకులో "యానాం దాకా చాలు" అన్నంతే కొట్టించి, అటు వెళ్ళాక ఫుల్ చేయిస్తారు. ఏదో పని మీద వెళ్ళినప్పుడైతే బాగుంటుంది. దానికోసమే ముప్పై కిలోమీటర్లు వెళ్ళి ముప్పై తిరిగొస్తే, లీటరుకి పదిహేనిచ్చే బండికి నాలుగు లీటర్లు దారిలోనే అయిపోతుంది. ముప్పై లీటర్ల మీద మిగిలే మూడొందలు ఆ దారి ఖర్చుకే చాలవు.

క్యానుల్లో పట్టుకొచ్చి ఇటు అమ్మడం మాత్రం పెట్టుకోకండి. కేసులవుతాయి.

మెకానిక్, భీమవరం:

మైలేజీ మాట నేను తేలుస్తా. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు. ముప్పై లీటర్లు 25 కేజీలు. సగమే కొట్టిస్తే తగ్గే బరువు పన్నెండున్నర కేజీలు, అంటే మీ బండిలో ఇరవై ఒలిచిన కాయలు తక్కువ ఎక్కించినంత. మీటరు మీద కనపడే తేడా కాదది. టైర్లలో గాలి సరిగ్గా ఉంచితే అంతకంటే ఎక్కువ మిగులుతుంది.

నష్టం మాత్రం కనపడుతుంది. ఎప్పుడూ అడుగున నడిపితే ఏదో ఒక రోజు డీజిల్ అయిపోయి లైన్లోకి గాలి పడుతుంది. పెట్రోలు బండి అయితే పోసి స్టార్ట్ చేస్తే నడుస్తుంది. డీజిల్‌కి గాలి తీయాలి, ప్రైమింగ్ కొట్టాలి, అంటే చేత్తో పంపు కొట్టి లైన్లోకి డీజిల్ ఎక్కించాలి, కొత్త ఇంజన్లయితే పంపు, ఇంజెక్టర్ల దాకా పోవచ్చు. లోడు మీద, నడిరోడ్డు మీద. ఇంజెక్షన్ ఉన్న పెట్రోలు కార్లకీ, 2020 తర్వాత వచ్చిన బీఎస్ 6 బైకులకీ పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, దాన్ని చల్లబరిచేది పెట్రోలే. రోజూ చివరి చుక్కల మీద తిప్పేవాళ్ళ పంపులు నా దగ్గరకి తొందరగా వస్తాయి. టీచర్ గారు సెలవులకి నెల రోజులు బండి పక్కన పెట్టేటప్పుడు మాత్రం నింపి పెట్టండి. ఖాళీ ఇనప ట్యాంకులో మన చెమ్మగాలికి లోపల తుప్పు పడుతుంది.

పావు ట్యాంకు కిందకి రానివ్వకుండా ఉంటే చాలు, రోజూ ఫుల్ అక్కర్లేదు. డీజిల్ ఫిల్టరు కింద నీళ్ళు వదిలే స్క్రూ ఉంటుంది, వానల్లో అప్పుడప్పుడూ విప్పి చూడమనండి మీ కుర్రాణ్ణి.

అంబాజీపేట కొబ్బరి:

చాలా విషయాలు తెలిశాయండి, సంతోషం. పాత స్టీరింగ్ గారూ, లెక్క తేలే దారి అన్నారు, అదెలాగో కాస్త విడమరచి చెప్పండి. అతనికి అవమానంగా ఉండకూడదు.

పాత స్టీరింగ్:

ఒకరోజు మీరే కూడా వెళ్ళి, గన్ను ఆగేదాకా ఫుల్ చేయించండి. కిలోమీటర్ల రీడింగ్ రాసుకోండి. ముల్లు సగం దిగాక అదే బంకులో, వీలైతే అదే గన్నుతో మళ్ళీ ఆగేదాకా. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో దాంతో నడిచిన కిలోమీటర్లు భాగించండి. నాలుగైదుసార్లు చేస్తే లోడుతో ఎంతిస్తుందో, ఖాళీతో ఎంతిస్తుందో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎవరు ఎక్కడ కొట్టించినా ఫర్వాలేదు.

డబ్బులు అతని ఫోనుకి వెయ్యడం మానెయ్యండి. తెలిసిన బంకులో ఖాతా పెట్టండి, వారానికోసారి మీరు కట్టండి. బిల్లు మీద బండి నంబరు వేయించండి. క్రెడిట్ కార్డయితే చిల్లర బిల్లులకి కొట్టకండి, చాలా కార్డులకి నాలుగొందలు దాటితేనే సర్‌ఛార్జి మినహాయింపు వస్తుంది.

"నీ మీద అనుమానం" అనకండి. "బండి పాతది, ఇంజను ఎలా ఉందో చూద్దాం" అనండి. అది అబద్ధం కూడా కాదు, సెకండ్ హ్యాండు బండి కదా. రాత్రి బండి మీ కొట్టు దగ్గర పెట్టించి తాళం మీరు ఉంచుకోండి. పోయిన డీజిల్ అతని నెత్తిన పడదని నమ్మకం కుదిరితే ఫుల్ చేయించడానికి అతనే ముందుంటాడు. అప్పటికీ వద్దంటే అప్పుడు అనుమానించండి.

అంబాజీపేట కొబ్బరి:

బావుందండి. బండి మా కొట్టు దగ్గర పెట్టేస్తే అతను ఇంటికి వెళ్ళడమే చిక్కు, వాళ్ళది నాలుగు కిలోమీటర్లు లోపలికి. ఇన్నాళ్ళూ బండి మీదే వెళ్ళొస్తున్నాడు.

షేర్ ఆటో, రావులపాలెం:

ఆ రానూపోనూ ఎనిమిది కిలోమీటర్ల డీజిల్ కూడా ఇన్నాళ్ళూ మీదేనండి! నెలకి ఆటో చార్జీ అని జీతంలో కలిపియ్యండి. మీకూ తక్కువలోనే పోద్ది, మావోళ్ళకీ ఓ బేరం తగుల్తాది. ఆయ్.