కందుకూరు అంబాసిడర్: ప్రోటోటైపా, మామూలు మార్క్ 1ఆ?

టాపెట్ కవర్: కందుకూరులో అమ్మకానికి పెట్టిన అంబాసిడర్‌ని "ఉత్తరపాడాలో ప్రయోగానికి కట్టిన తొలి బండి, 1957" అంటా ఉన్నారు (ఉత్తరపాడా అంటే అంబాసిడర్ తయారుచేసిన హిందూస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు). చూపించే రుజువులు రెండే: సైడ్ వాల్వ్ ఇంజిన్ (వాల్వులు సిలిండర్ పక్కనుండే పాత రకం), ఆర్సీ పుస్తకం. చాలవా?

ల్యాండ్‌మాస్టర్: చాలవు. మొదట్లో వచ్చిన అంబాసిడర్లు (మార్క్ 1) సైడ్ వాల్వ్‌వే. అంతకుముందు అదే కంపెనీ అమ్మిన ల్యాండ్‌మాస్టర్ కారులోని 1476 సీసీ ఇంజిన్నే కొత్త బాడీలో పెట్టి అమ్మారు. 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ (వాల్వులు పైన హెడ్‌లో ఉండేది) 1959 దాకా రాలా. ప్రోటోటైప్ కావాలంటే ఇంగ్లండులో వెతకాలి, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 దగ్గర. మనకొచ్చింది లైసెన్సు డిజైను.

ఉప్పుగాలి: అంత తేలిగ్గా కొట్టెయ్యబాకన్నా. డిజైను ఎవరిదైనా, లైను మొదలెట్టేముందు నాలుగు బండ్లు బిగించి చూసుకోరా? వాటిల్లో ఒకటి బయటికొచ్చి ఉండొచ్చు గదా.

ల్యాండ్‌మాస్టర్: ఉండొచ్చు. ఇది అదేనని సైడ్ వాల్వ్ ఇంజిన్ చెప్పదంటున్నా. పైగా ఫొటోలో గళ్ల గ్రిల్ ఉంది. అది 60ల మొదట్లో మార్క్ 2తో వచ్చింది. ముందు భాగం మార్చినోళ్లు ఇంకేం మార్చారో!

బోరింగ్: ఇంజిన్ అసలు సైడ్ వాల్వేనా? బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) కొలిస్తే తేలిపోద్ది.

టాపెట్ కవర్: బోరుతో తేలదు. సైడ్ వాల్వ్ స్టాండర్డ్ బోరు 73.5 మి.మీ. 1489ది 73 చిల్లర, అరిగాక 20 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై, అర మి.మీ.) ఓవర్‌సైజు కొట్టిస్తే అదీ 73.5కే వస్తుంది. స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, వేరు (87, 88.9 మి.మీ.), కానీ దానికి హెడ్ విప్పాలి. ఇంతెందుకు, బానెట్ ఎత్తితే చాలు. హెడ్ బల్లపరుపుగా ఉండి ప్లగ్గులు పైన నిలబడితే సైడ్ వాల్వ్. పైన రాకర్ కవరుండి ప్లగ్గులు పక్కనుంటే ఓవర్‌హెడ్.

ఉప్పుగాలి: సరే, మరి 1957 ఆర్సీ సంగతి?

ల్యాండ్‌మాస్టర్: చిరునామా చదివావా? "కందుకూరు, ప్రకాశం జిల్లా" అనుంది. 1957లో కందుకూరు నెల్లూరు జిల్లా. ఒంగోలు జిల్లా ఏర్పడిందే 1970లో, ప్రకాశం పేరు 1972లో. అంటే ఆ పేజీ 72 తర్వాత రాసింది. దొంగదని కాదు, డూప్లికేటు అయ్యుండొచ్చు. అయితే ఇంజిన్ నంబరు అప్పుడు బండిలో ఉన్నదాన్ని చూసి రాశారా, పాత పుస్తకంలోంచి ఎక్కించారా?

ఉప్పుగాలి: ఆ మాట నిజమే. లైనుకు ముందు కట్టిన పైలట్ బండ్లే లేవంటే మాత్రం ఒప్పుకోను.

బోరింగ్: అయితే అమ్మేవాళ్లని మూడు ఫొటోలు అడగండి: ఛాసిస్ ప్లేటు రివెట్లతో సహా, బ్లాకు మీద కొట్టిన ఇంజిన్ నంబరు, ఆర్సీలో పాత ఓనర్ల పేజీ. రివెట్లు కొత్తగా మెరుస్తుంటే ప్లేటు మార్చి ఉండొచ్చు, బేరం ఆపెయ్యండి.