చివరి రెండు చుట్లలో క్రాంక్ బిగుసుకుంటోంది, కారణమేమి?

ఎన్డీటీ_ముద్దనూరు: షట్‌డౌన్‌లో బాయిలర్ ట్యూబుల షూటింగ్ (గామా కిరణాలతో ఫోటో తీసే పరీక్ష). సోర్స్ (కిరణాలు వెదజల్లే గుళిక) ఇరిడియం-192, 20 క్యూరీలు. క్రాంక్ తిప్పి సోర్స్‌ను కెమెరాలోకి (దాన్ని దాచే కవచపు పెట్టె) వెనక్కి తెచ్చేటప్పుడు చివరి రెండు చుట్లు బరువుగా వస్తోంది. తప్పు సోర్స్‌ను తోసే కేబుల్‌దా, సోర్స్ బయటికి పోయే గైడ్ ట్యూబ్‌దా?

గామా_కడప: ముందు షూటింగ్ ఆపండన్నా. సోర్స్ లోపలే ఉందని రేడియేషన్ కొలిచే సర్వే మీటర్‌తో చూసుకుని, లాక్ వేసి, కేబుల్‌ను కెమెరా నుంచి విడదీసి ఒట్టిగా తిప్పండి. అప్పుడూ బరువుగా ఉంటే కాండ్యూట్‌లో (క్రాంక్ నుంచి కేబుల్ నడిచే గొట్టం) మట్టి చేరినట్టే. ఎర్రగుంట్ల పక్క సిమెంట్ దుమ్ము నూనెతో కలిస్తే ముద్ద కడుతుంది. కేబుల్ మొత్తం బయటికి లాగి కడగాల, ఆరినాక మాన్యువల్‌లో చెప్పిన నూనె పల్చగా పట్టించాల. తేలిగ్గా తిరిగితే గైడ్ ట్యూబ్‌ను ఈ కొస నుంచి ఆ కొసదాకా చేత్తో తడమండి. సొట్ట దొరికితే సుత్తితో సరిచేయొద్దు, ఆ ట్యూబ్ ఇంక వాడొద్దు.

ఆర్‌ఎస్‌ఓ_కర్నూలు: కనెక్టర్ (కేబుల్, సోర్స్ కలిసే చోటు) కూడా చూడండి. కేబుల్ కొసన ఉండే బాల్ మెడ అరిగిందేమో నో-గో గేజ్ (అరగని మెడకు దూరని కొలత పనిముట్టు) పెట్టండి, దూరితే కేబుల్ మార్చాల్సిందే. అరిగిన కనెక్టర్ ఊడితే క్రాంక్ మామూలుగానే వెనక్కి వస్తుంది, సోర్స్ మాత్రం కొలిమేటర్ (గైడ్ ట్యూబ్ కొసన కిరణాలను ఒక దిక్కుకే వదిలే కవచం) దగ్గరే ఉండిపోతుంది. చేతికి తేడా తెలియదు. అందుకే ప్రతి షాట్ తర్వాత మీటర్‌తో కెమెరా చుట్టూ, ఆపైన గైడ్ ట్యూబ్ పొడవునా చూడాలి. ఒంటికి పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జ్ (మనకు తగిలిన రేడియేషన్ కొలిచేది) లెక్క తర్వాతెప్పుడో వస్తుంది, అక్కడికక్కడ కాపాడేది మీటరే.

వెల్డ్_అనంత: నిజంగానే ఇరుక్కుంటే?

ఆర్‌ఎస్‌ఓ_కర్నూలు: బలవంతంగా లాగొద్దు. మళ్లీ కొలిమేటర్‌లోకి తోసి ఒకసారి మెల్లగా లాగి చూడండి. రాకపోతే సోర్స్‌ను కొలిమేటర్‌లోనే ఉంచి దూరం జరగండి, తాడు కట్టి కాపలా పెట్టి ఆర్‌ఎస్‌ఓను (రేడియేషన్ భద్రతాధికారి) పిలవండి. అడ్డం లేని 20 క్యూరీలకు మీటరు దూరంలో గంటకు సుమారు 100 మిల్లీసీవర్టుల రేడియేషన్ మోతాదు. మన ఏడాది గరిష్ఠ పరిమితి 30, అంటే 18 నిమిషాల్లో అయిపోతుంది. పది మీటర్లకు పోతే నూరో వంతు. 5 సెంటీమీటర్ల సీసం దాదాపు వెయ్యో వంతుకు దించుతుంది, సీసం గుళ్ల సంచులు, పొడవాటి టాంగ్స్ సైట్‌లో ఉండాల్సింది ఇందుకే. పిగ్‌టెయిల్‌ను (సోర్స్ బిగించిన పొట్టి తీగ) చేత్తో పట్టడమన్న మాటే వద్దు, వేళ్లు పోతాయి.

ఎన్డీటీ_ముద్దనూరు: కేబుల్ ఒట్టిగా తేలిగ్గానే తిరిగింది. ట్యూబ్‌కు కెమెరా కొసన జానెడు లోపల సొట్ట ఉంది. పక్కన పెట్టేశాం.

గామా_కడప: కొత్త ట్యూబ్ వేసినాక డమ్మీ పిగ్‌టెయిల్‌తో (సోర్స్ లేనిది) నాలుగుసార్లు తిప్పి చూడండన్నా. అప్పుడూ అక్కడే పట్టేస్తే తప్పు కెమెరా లోపలి ఎస్-ట్యూబ్‌లో (సోర్స్ నిలిచే వంకర గొట్టం) ఉంటుంది. దాన్ని సైట్‌లో విప్పొద్దు, తయారీదారుకే పంపండి.