రాండమ్‌గానే అడిగాను కదా, మరి అది రాండమ్ శాంపిల్ ఎందుకు కాదు?

బందరు_ఎంబీఏ

అందరికీ నమస్తే. ఎంబీఏ రెండో ఏడు చదువుతున్నాను. రైతు బజారులో కూరగాయలు కొనేవాళ్ల మీద ప్రాజెక్టు. రెండు ఆదివారాలు పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా గేటు దగ్గర నిలబడి 120 మంది చేత ప్రశ్నావళి నింపించాను. రిపోర్టులో ‘సింపుల్ రాండమ్ శాంప్లింగ్’ అని రాశాను. మా గైడ్ దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ‘ఎలా?’ అని ఒక్క మాట రాసి తిప్పి పంపారు. తెలిసినవాళ్లను ఏరుకోలేదండీ, ఎదురొచ్చినవాళ్లనే అడిగాను. అది రాండమ్ కాకపోతే ఇంకేమిటి?

ఇంకో సున్నా టేబుల్ మీద. డబ్బు ఎలా కడతారు అన్న ప్రశ్నకు నగదు 1, ఫోన్ 2, రెండూ 3 అని కోడ్ ఇచ్చాను. ఎక్సెల్ సగటు 1.77 చూపించింది, అదే రాశాను. పక్కన ‘అంటే?’ అని ఉంది. నెలాఖరుకు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

డేటా_డెస్క్

రెండోది తేలిక. ఆ 1, 2, 3 అంకెలు కావు, పేర్లకు తగిలించిన బిళ్లలు. నగదు 7, ఫోన్ 50 అని పెట్టుకున్నా ఎవరూ కాదనరు, సగటు మాత్రం మారిపోతుంది. పిన్ కోడ్ల సగటు తీసినట్టే ఇదీ. ఇలాంటివి నామినల్ వేరియబుల్స్. ఎంతమంది నగదు, ఎంతమంది ఫోన్ అని శాతాలు రాయండి, చాలు. ‘తృప్తి 1 నుంచి 5’ లాంటివి ఆర్డినల్: వరస ఉంటుంది గానీ 2కీ 3కీ మధ్య ఉన్న దూరమే 4కీ 5కీ మధ్య ఉందని చెప్పలేం. వారానికి ఎన్నిసార్లు వస్తారు, ఇంటి నుంచి ఎన్ని కిలోమీటర్లు అన్నవి రేషియో, అంటే సున్నా అంటే నిజంగా ఏమీ లేనట్టే, వాటికి సగటు హాయిగా తీయొచ్చు. ఇంటర్వల్‌తో (ఉష్ణోగ్రత డిగ్రీల్లాగా దూరాలు సమానం గానీ సున్నా నిజం సున్నా కాదు) కలిపి ఈ నాలుగు పేర్లూ అమెరికా సైకాలజిస్టు స్టీవెన్స్ 1946లో పెట్టినవి. తృప్తికి కూడా సగటు రాసేవాళ్లు బోలెడుమంది, మా ఆఫీసులోనూ రాస్తాం. గైడ్ పట్టుదల మనిషైతే మీడియన్, అంటే జవాబులన్నీ వరసగా పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది, రాయండి.

పంటకోత_పెద్దాయన

అమ్మాయీ, నువ్వు అంటున్నానని ఏమనుకోకు, మా మనవరాలి ఈడుదానివి. మీ గైడ్ అడిగిన ‘ఎలా’ నన్నూ ఒకాయన అడిగారు, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, వరి చేలో.

నా పని పంట కోత ప్రయోగాలు. ఊరంతా కోసి తూచలేం కదా. అడంగల్‌లో, అంటే ఏ చేలో ఏ పంటో రాసే ఊరి రికార్డులో, వరి ఉన్న సర్వే నంబర్ల జాబితా రాసుకుని, రాండమ్ నంబర్ల పట్టిక చూసి చేను ఎంచుకునేవాళ్లం. చేలోకి దిగాక కూడా మన ఇష్టం లేదు. నైరుతి మూల నిలబడి, పట్టిక ఇచ్చిన అంకెల ప్రకారం పొడవున ఇన్ని అంగలు, వెడల్పున ఇన్ని అంగలు వేసి, ఆగిన చోట 5 మీటర్లకు 5 మీటర్లు తాడు కట్టి కోయాలి. నూర్చి తూచాలి. ఆ 25 చదరపు మీటర్ల ధాన్యాన్ని 400తో గుణిస్తే హెక్టారు లెక్క. 12 కేజీల 400 గ్రాములు తూగితే 4,960 కేజీలు. తాడు దగ్గర కేజీ తేడా వస్తే కాగితం మీద 400 కేజీలు.

ఆ రోజు నా అంగలు ఆగిన చోట ఎలకలు కొట్టేసి పైరు పలచగా ఉంది. రైతు “ఇదేం చోటండీ, నాలుగంగలు ఇటు రండి” అన్నాడు. నాకూ సబబే అనిపించి జరిగాను. తనిఖీకి వచ్చిన అధికారి ఫారంలో అంకెలు చూశారు, తాడు చూశారు, “ఈ చోటు ఎలా వచ్చింది?” అన్నారు. దాచకుండా చెప్పాను. ఫారం రద్దు. ఎలకలు తిన్న చెక్క కూడా ఊరి దిగుబడిలో భాగమే. దాన్ని వదిలేస్తూ పోతే ఆ ఊళ్లో ఎలకలే లేవని లెక్క తేలుతుంది.

నీ గేటు దగ్గరా జరిగింది అదే. రెండు చేతులా సంచులు, చంకలో పిల్ల, ఆవిడను ఆపావా? చిరాకు మొహం వేసుకుని వస్తున్నాయనను? ఆదివారం పొద్దున వచ్చేవాళ్లు వేరు, పని దిగి మంగళవారం సాయంత్రం వచ్చేవాళ్లు వేరు. సింపుల్ రాండమ్ అనాలంటే ముందు అందరి జాబితా కావాలి, అందులో ప్రతి ఒక్కరికీ సమానంగా వంతు రావాలి. రైతు బజారుకు వచ్చేవాళ్ల జాబితా నీకెక్కడ దొరుకుతుంది? నువ్వు చేసింది కన్వీనియెన్స్ శాంప్లింగ్, అంటే వీలుగా దొరికినవాళ్లను అడగడం. అలా చేయకూడదని ఎవరూ అనరు, ఆ పేరే రాయి.

ఫైనలియర్_బ్యాచ్

ఇంత అవసరమా? 120 తక్కువ కాబట్టే గైడ్ పట్టుకున్నారు. ఇంకో ఆదివారం వెళ్లి 500 చేసేయండి, ఎవరూ అడగరు.

పంటకోత_పెద్దాయన

బాబూ, 1936 అమెరికా ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని అచ్చేసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ కార్ల రిజిస్ట్రేషన్ల నుంచీ తీశారు, ఆ ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఎవరికుంటాయి? పైగా జవాబు రాసి పంపిన ఓపిక ఎవరిదో! ఆదివారం 500 మందిని అడిగినా అది ఆదివారమే.

అమ్మాయీ, టైముంటే ఇలా చెయ్. రెండు మామూలు రోజులు, ఒక ఆదివారం, పొద్దునా సాయంత్రమూ. లోపలికి వచ్చేవాళ్లను లెక్కపెడుతూ ప్రతి పదో మనిషిని అడుగు. 1 నుంచి 10 దాకా చీట్లు వేసి ఎన్నో మనిషితో మొదలెట్టాలో తేల్చుకో. దీన్ని సిస్టమాటిక్ శాంప్లింగ్ అంటారు. పదో మనిషి కాదంటే పదకొండో మనిషిని పట్టుకోకు, ‘నిరాకరించారు’ అని గీత పెట్టుకో. ఆ గీతలెన్నో రిపోర్టులో రాయి.

బందరు_ఎంబీఏ

చాలా థాంక్స్ సార్. సంచులావిడను ఆపలేదు, నిజమే. వయసు కూడా 20–30, 30–40 అని టిక్కులే పెట్టించాను. 30 ఏళ్లవాళ్లు ఎందులో పెట్టారో ఇప్పుడు చూస్తే భయమేస్తోంది. ఈసారి వయసు అంకెలోనే అడుగుతాను. ఇంకోటి సార్, స్కూటర్ స్టాండ్ వైపు రెండో గేటు ఉంది. అక్కడా నిలబడాలా?

పంటకోత_పెద్దాయన

నిలబడాలి. నడిచొచ్చేవాళ్లంతా ఒక గేటు, బండ్లవాళ్లంతా ఇంకో గేటు అయితే మళ్లీ మొదటికొస్తావు. ఒక్కదానివే కాబట్టి గంట ఇక్కడ, గంట అక్కడ. ముందు ఏ గేటో మాత్రం రూపాయి ఎగరేసి చూసుకో.