జీఆర్‌ఈ పదాలు: కార్డులో గుర్తొస్తున్నాయి, వాక్యంలో తప్పుతున్నాయి

పరీక్షకి ఇంకా 5 వారాలే ఉంది, టెన్షన్‌గా ఉంది. నెలన్నరగా రోజూ పొద్దున 6 నుంచి 6:45 దాకా ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో 20 కొత్త పదాలు చదువుతున్నాను, ముందు ఇంగ్లీషు పదం, వెనక తెలుగు అర్థం, మొత్తం 900 అయ్యాయి. కార్డు చూస్తే పదికి ఎనిమిది చెప్పేస్తాను. అవే పదాలు ప్రాక్టీస్ టెస్టులో ఖాళీల్లో పెట్టమంటే సగం తప్పులే.

ఇన్‌జీనియస్ (మంచి ఉపాయంతో కూడిన), ఇన్‌జెన్యువస్ (కల్లాకపటం తెలియని) లాంటి జంటలు కలిసిపోతున్నాయి. ఎనర్వేట్ అనగానే ఎనర్జీ ఇవ్వడం అనిపిస్తుంది, అసలు అర్థం నీరసపరచడం. ఆరింటిలో రెండు ఎంచుకునే ప్రశ్నల్లో రెండూ సరైతేనే మార్కు కాబట్టి అక్కడే ఎక్కువ పోతోంది.

లాటిన్ మూలాలు చదివాను, కొన్నిటికే పనికొచ్చాయి. జంటల్ని పక్కపక్కన రాసుకుంటే ఇంకా కలగాపులగం అయ్యాయి. గ్యారలస్ అంటే వాగుడుకాయ అని, గారెలు వేస్తూ ఆపకుండా కబుర్లు చెప్పేవాళ్లని ఊహించుకున్నాను, అదొక్కటి మాత్రం మర్చిపోలేదు, కానీ ప్రతి పదానికీ అలాంటిది దొరకదు కదా.

కొత్త పదాలు ఆపేసి, ఈ 900 కార్డుల్లోనే తెలుగు అర్థం తీసేసి ఖాళీ ఉన్న ఇంగ్లీషు వాక్యాలు పెట్టుకుని చదివితే 5 వారాల్లో తేడా వస్తుందా, మీలో ఎవరికైనా వచ్చిందా?