అప్‌డేట్: రిచ్చీ ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు బోస్టన్‌లో

చైనా-పాశ్చాత్య సాంస్కృతిక సంబంధాలు, చైనాలో క్రైస్తవం మీద పనిచేసే రిచ్చీ ఇన్‌స్టిట్యూట్ ఇంకా శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఉందా, వేరేచోటికి మారిందా అని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. మారిందన్నవాళ్లదే కరెక్ట్. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కో యూనివర్సిటీలో మొదలైన ఈ సంస్థ ఇప్పుడు బోస్టన్ కాలేజీలో ఉంది, లైబ్రరీతో సహా. అది అమెరికా పడమటి తీరం, ఇది తూర్పు తీరం! రెండూ జెస్యూట్ (ఏసుసభ అనే కేథలిక్ గురువుల సంఘం) విద్యాసంస్థలే కాబట్టి మేనమామ ఇంటికి చేరినట్టే అనుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కోకి టికెట్ ఇంకా బుక్ చేయలేదు, బతికిపోయాను.

వెతుకుతుంటే ఇంకో సంగతి దొరికింది. ఈ సంస్థకు ఎవరి పేరు పెట్టారో ఆ మత్తెయో రిచ్చీ, చైనాలో మతప్రచారం చేసిన ఇటలీ జెస్యూట్ గురువు, 1582లో చైనా తీరంలోని మకావు చేరాడు. అంతకుముందు గోవాలో చదువుకున్నాడట, 1580లో కొచ్చిన్‌లో గురుపట్టాభిషేకం పొందాడట (అంటే కేథలిక్ గురువయ్యాడట). చైనా కథలో మన కొచ్చిన్ తగులుతుందని నేనసలు ఊహించలేదు. నా చదువు ఇక అక్కడినుంచే మొదలు.