గండికోట రాయి ఇసుకరాయా, క్వార్ట్‌జైటా?

ప్రశ్న:
గత నెలలో గండికోట వెళ్ళినప్పుడు, పెన్నా లోయ అంచున ఒక రాతి పలక మీద, తడి ఇసుకపై నీరు తగ్గాక మిగిలే గీతల వంటివి వేలితో తడిమితే తెలిసేంత స్పష్టంగా కనిపించాయి. భూవిజ్ఞాన పటంలో ఆ పొర పేరు ‘గండికోట క్వార్ట్‌జైట్’ అని ఉంది. క్వార్ట్‌జైట్ అంటే వేడికీ ఒత్తిడికీ మారిపోయిన రూపాంతర శిల అని బడిలో చదువుకున్నాను. అలాగైతే అలల గుర్తులు చెరగకుండా ఎలా నిలిచాయి? అది సముద్రపు ఇసుకరాయే అయితే పేరులో ఆ మాట ఎందుకు లేదు?

మొదటి సమాధానం:
మీ అనుమానం సరైనదే. చిక్కంతా పేరులోనే ఉంది. 1872లో భూవిజ్ఞాని విలియం కింగ్ కడప, కర్నూలు శిలలను వర్ణించిన నాటికి, సుత్తితో కొడితే రేణువుల చుట్టూ కాక రేణువులను చీల్చుకుంటూ పగిలే గట్టి ఇసుకరాయిని కూడా క్వార్ట్‌జైట్ అనే పిలిచేవారు. రేణువుల సందుల్లోకి సిలికా చేరి అతుక్కుంటే, పెద్దగా వేడి తగలకపోయినా అంత గట్టిదనం వస్తుంది. తేడా తెలియాలంటే 0.03 మి.మీ. మందానికి అరగదీసిన రాతి ముక్కను సూక్ష్మదర్శినిలో చూడాలి. ఇసుకరాయిలో గుండ్రటి పాత రేణువు చుట్టూ సన్నని ధూళి గీత, దాని బయట తరువాత పేరుకున్న సిలికా కనిపిస్తాయి. అసలైన రూపాంతర శిలలో ఆ గీతలు చెరిగిపోయి, రేణువులు ఒకదానిలో ఒకటి బిగుసుకొని ఉంటాయి. ఇప్పటి వర్గీకరణలో ఇటువంటి రాయిని, స్ఫటికం (క్వార్ట్జ్ అనే సిలికా ఖనిజం) 95 శాతం దాటితే, క్వార్ట్జ్ అరినైట్ అంటారు. ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజం 25 శాతం మించితే అది ఆర్కోజ్.

రెండో సమాధానం:
పేరులో సముద్రం ఎందుకు లేదన్నదానికి గువ్వలచెరువును చూడండి. పాలకోవాకు పేరుపడ్డ ఆ ఊరినే ఆంగ్లేయులు ‘గుల్చేరు’ అని రాసుకున్నారు. కడప శిలల్లో అట్టడుగు పొరకు ఆ పేరే స్థిరపడింది. దాని కింది భాగంలోని గులకరాళ్ళు, ఆర్కోజ్ రెండూ ఏరులు తెచ్చి పోసినవి కాగా, పైభాగంలోని శుద్ధమైన స్ఫటిక ఇసుక లోతులేని సముద్రంలో పేరుకున్నది. ఒకే ఫార్మేషన్‌లో (పటంలో ఒకే పేరుతో గుర్తించే శిలాపొరల వరుసలో) ఏరూ ఉంది, సముద్రమూ ఉంది. పుట్టుక గురించిన అభిప్రాయం కొత్త పరిశీలనతో మారవచ్చు కనుక, పేరులో ఊరూ రాయీ మాత్రమే ఉంటాయి. అటువంటి ఫార్మేషన్లు కొన్ని కలిస్తే గ్రూప్ అవుతుంది: పులివెందుల, తాడిపత్రి, గండికోట కలిసి చిత్రావతి గ్రూప్. కింగ్ అయితే కర్నూలు శిలల్లోని పాణ్యం రాయిని ఆకారం చూసి ‘శిఖరాల క్వార్ట్‌జైట్’, ‘పీఠభూమి క్వార్ట్‌జైట్’ అని విడదీశాడు. నేటి నియమాలకు అవి సరిపడవు గాని, నాకు అవే ఎక్కువ నచ్చుతాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అయితే అలల గుర్తులుంటే సముద్రమనే అనుకోవచ్చా?

రెండో సమాధానం రాసినవారు:
వాటితోనే అనలేమండీ, చెరువులోనూ అలలుంటాయి. గవ్వలు పుట్టకముందు నాటి రాయి కనుక శిలాజాల సాయమూ ఉండదు. పక్కపక్క పొరల్లోని వాలుగీతలు చేపముల్లులా ఎదురెదురు దిక్కులకు వాలి ఉంటే, అక్కడ ఆటుపోట్లు నడిచాయని చెప్పవచ్చు; ఎక్కువగా సముద్రంలోనే ఏర్పడే ఆకుపచ్చని ఖనిజం గ్లాకోనైట్ రేణువులు దొరికితే ఆ వాదన ఇంకా బలపడుతుంది. ఈసారి వెళ్ళినప్పుడు పలక పైభాగాన్ని కాక దాని పక్క అంచును, సాయంత్రపు ఏటవాలు ఎండలో చూడండి.